మేయరు గారి గలీబుల మీద బాతు

లిపావా ఊళ్లో గోడలకి రంగులేసే మతౌష్‌కి ఒక్కతే కూతురు, పేరు అపొలేనా. మతౌష్ పనేమిటంటే, ముందు గోడంతా ఒక రంగు పూసి, అది ఆరాక పువ్వుల అచ్చున్న రోలరుని రంగులో ముంచి పైనుంచి కిందకి దొర్లించడం. దొర్లించినంత మేరా తీగలూ మొగ్గలూ దిగేవి. ఆయన దగ్గరున్న రోలరు ఒక్కటే కాబట్టి ఊరంతా అవే తీగలు, అవే మొగ్గలు. తాగొచ్చిన మగవాళ్లు పక్కింటికెళ్లి నిశ్చింతగా పడుకోవడానికి కారణం ఈయనేనని ఆడవాళ్లు మతౌష్‌ని తిట్టుకునేవారు.

అపొలేనా తండ్రి వెనకాలే తిరుగుతూ, ఆయన నిచ్చెన దిగి రంగు కలుపుకునేలోగా, మొగ్గల మధ్య నత్తలు గీసేది. పోస్టుమాస్టరు భార్య ఒకరోజు మంచం పక్కన గోడమీద నత్తని చూసి చెప్పుతో కొట్టింది. నత్త కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టింది. గోడ పెచ్చు ఊడింది గానీ నత్త మాత్రం అలాగే ఉంది. ఆ సంగతి చెప్పుకుని మతౌష్ సారాదుకాణంలో కన్నీళ్లొచ్చేదాకా నవ్వాడు. మా అమ్మాయి చేతిలో ఏదో ఉంది అని, ఉన్న పొలం చెక్క అమ్మి, పిల్లని ప్రాగ్‌లో బొమ్మల బడికి పంపించాడు.

ప్రాగ్‌లో ఆమెకి పాఠం చెప్పిన పెద్దాయన మొదటి నెలలోనే ఆమె గీసిన గుర్రం ముందు ఆగిపోయాడు.

"ఇది గుర్రమా అమ్మాయ్, సోఫానా?"

"గుర్రమేనండీ."

"దీని మీద హాయిగా కూర్చునేలా ఉందే."

"గుర్రమన్నాక కూర్చోవడానికే కదండీ."

ఆ తర్వాత ఆయన ఆమె బల్ల దాకా రావడం మానేశాడు. ఆమెకి అక్కడ వంటబట్టింది ఒక్కటే. నున్నటి రాగిరేకు మీద సూదితో బొమ్మ గీకడం, ఆ గీతల్లోకి నల్లటి సిరా పట్టించి పైపైన తుడిచేయడం, తడి కాగితం పరిచి బరువైన యంత్రంలో నొక్కితే గీతల్లోని సిరా కాగితం మీదకి లేచి రావడం. కాగితం ఒక మూల పట్టుకుని మెల్లగా ఎత్తుతుంటే ఆమెకి ఒళ్లు జలదరించేది. గోడ మీద నత్తని గీస్తే అది అక్కడే ఉండిపోతుంది. రేకు మీద గీస్తే ఎన్ని నత్తలు కావాలంటే అన్ని.

మతౌష్ డబ్బులు అయిపోగానే ఆమె చదువూ అయిపోయింది. తిరిగొచ్చి ఊళ్లో రంగుల పని మొదలెట్టింది. మొదటి పని 'బంగారు చేప' సారాదుకాణానికి బోర్డు. ప్రాణం పెట్టి వేసింది. ఆ చేప కళ్లలో ఎంత దిగులు నింపిందంటే, లోపలికొచ్చిన వాళ్లెవరూ చేప తెమ్మనలేకపోయారు. దుకాణదారు బతిమాలితే దాన్ని నవ్వుతున్నట్టు మార్చింది. అప్పుడింకా ఘోరమైంది. "మనల్ని చూసి నమ్మకంగా నవ్వుతోందిరా, దీన్నెలా తింటాం," అని వేటగాళ్లు సైతం మాంసం పులుసు తెప్పించుకున్నారు.

రాగిరేకుల మీద నుంచి ఆమె మనసు మళ్లలేదు. రేకులకి ఇబ్బంది లేకుండా మేనత్త ఇచ్చింది, రేగుపళ్ల జాం కాచే పెద్ద రాగి కాగు. అడుగు చిల్లిపడింది గనక ఇచ్చింది. దాన్ని ముక్కలు కోసి సుత్తితో సాగగొట్టుకుంటే బోలెడు రేకులయ్యాయి. ఎంత తోమినా జాం వాసన మాత్రం పోలేదు. లేనిది నొక్కే యంత్రం. అదెక్కడో పెద్ద ఊళ్ల నుంచి తెప్పించాలి.

ఊళ్లో అంత బరువైనది ఒకటే ఉంది, ఊరి బట్టలకి ముడతలు తీసే పెట్రోనీలా వాళ్ల రాళ్లపెట్టె. ఇద్దరు మనుషులు పడుకోగలిగినంత పెద్ద చెక్కపెట్టె, నిండా రాళ్లు. దాని కింద బల్ల, బల్ల మీద గుండ్రటి లావు కర్రలు. ఉతికిన దుప్పట్లు ఆరీ ఆరకుండా తెచ్చి ఆ కర్రలకి చుట్టి, పక్కనున్న చక్రం తిప్పితే పెట్టె వాటి మీద ముందుకీ వెనక్కీ దొర్లుతుంది. ముడతన్నది లేకుండా బట్టలొస్తాయి. ఊళ్లో ఆడవాళ్లంతా అక్కడికే వచ్చేవారు, సగం బట్టల కోసం, సగం కబుర్ల కోసం.

"అత్తా, పొద్దున్నే ఎవరూ రాకముందు నా రేకులు దాని కింద పెట్టి నొక్కుకుంటాను," అని అడిగింది అపొలేనా.

పెట్రోనీలా చుట్టం కాదు గానీ ఊళ్లో పిల్లలందరికీ అత్తే, లావుపాటి మనిషి. చక్రం తిప్పితే ఆయాసం. "నొక్కుకోవే. తర్వాత నా బదులు చక్రం నువ్వు తిప్పు. నా బొమ్మ కూడా ఒకటి గియ్యి. గడ్డం మీది పులిపిరి లేకుండా."

"అది లేకపోతే నువ్వని ఎవరు గుర్తుపడతారత్తా?"

"గుర్తుపట్టకపోతే మరీ మంచిది."

అలా కుదిరింది బేరం. రాళ్లపెట్టె అద్భుతంగా నొక్కేది. అపొలేనా కొండలు గీసింది, ఉరుములతో తుఫాను గీసింది, ముసలి చెట్టు గీసింది. ఏ బొమ్మా ఎవరూ కొనలేదు. విసుగొచ్చి ఒకరోజు ఎదురుగా ఏది కనిపిస్తే అది గీసింది. కనిపించింది పెట్రోనీలా పెంచే పెద్దబాతు. మెడ నిక్కించి, రొమ్ము ముందుకి పొడుచుకుని, లోకమంతా తనకి దారివ్వాలన్నట్టు నడిచే బాతు. రేకు మీద సూది దానంతటదే పరిగెత్తింది.

ఆ బాతుని మొదటిసారి నొక్కబోయిన రోజున ఊరంతా హడావిడిగా ఉంది. పిల్లలకి ప్రార్థన చేసి దీవించడానికి బిషప్ గారు వస్తున్నారు. చర్చి పక్కన, అక్కడ పూజలు చేయించే గురువుగారి ఇంటి కప్పు కారుతోంది కనక ఆయన బస మేయరు కదేరా గారింట్లో. మేయరు భార్య రొజాలియా గారు పెళ్లినాటి దుప్పట్లూ దిండు గలీబులూ పెట్టెలోంచి తీయించి, ఉతికించి, పనిమనిషి టోన్కా చేత రాళ్లపెట్టెకి పంపింది.

అపొలేనా రేకుకి సిరా పట్టించి బల్ల మీద పెట్టింది. తడి కాగితం పెరట్లో పలక మీద ఉంది, తెద్దామని వెళ్లింది. వెళ్లేసరికి దాన్ని బాతు తింటోంది. లాక్కోబోతే కాగితం నోట్లో పెట్టుకుని పరుగు. అపొలేనా దాని వెనకాల.

సరిగ్గా అప్పుడే టోన్కా బుట్టతో వచ్చింది. టోన్కాకి చూపు ఆనదు. పెట్రోనీలాకి చూపుంది గానీ, కబురు దొరికితే కళ్లు పనిచెయ్యవు.

"బిషప్ గారు ఉల్లిపాయ తినరుట," అంది టోన్కా, దుప్పట్లు కర్రకి చుడుతూ.

"అయ్యో, ఎందుకుట?"

"కడుపులో గ్యాసుట."

"అంత పెద్దాయనకి గ్యాసా," అని నిట్టూర్చి పెట్రోనీలా చక్రం తిప్పింది. కబురు ఎంత రుచిగా ఉందంటే ఆయాసం కూడా తెలియలేదు. పైన గలీబులు చుట్టిన కర్ర రేకు మీదుగా ముందుకెళ్లింది, వెనక్కొచ్చింది, మళ్లీ ముందుకెళ్లింది. టోన్కా పెట్రోనీలా మొహం చూస్తూనే బట్టలు విప్పి, మడిచి, బుట్టలో పెట్టుకుని వెళ్లిపోయింది.

అపొలేనా చిరిగిన కాగితంతో తిరిగొచ్చి చూస్తే రేకులో సిరా లేదు.

"అత్తా, నా సిరా ఏమైంది?"

"నీ సిరా ఎవరిక్కావాలే. నువ్వే పెట్టడం మర్చిపోయుంటావు."

అపొలేనా తన మతిమరుపుని తనే తిట్టుకుని మళ్లీ సిరా పూసింది.

బిషప్ గారి పక్క వేసింది టోన్కాయే. గలీబుల మీది బాతుల వరసని మడతల నీడ అనుకుని నిమిరి మరీ సర్దింది. బిషప్ గారిది పూర్తి బట్టతల. వెల్లకిలా పడుకునే అలవాటు. ఆ సిరా నూనె సిరా, ఒక పట్టాన ఆరదు. మర్నాడు ఫలహారం దగ్గర ఆయన నెత్తిన గుండ్రటి చిన్న టోపీ పెట్టుకుని కూర్చుంటే, టోపీ వెనక అంచు కింద నుంచి రెండు నల్లటి కాళ్లు రొజాలియా గారికి కనిపించాయి. పెద్దవాళ్లకి అలాంటి నరాలు తేలతాయేమోననుకుని ఆవిడ చూపు తిప్పుకుంది.

చర్చిలో ఇసుకేస్తే రాలనంత జనం. బిషప్ గారు బలిపీఠం వైపు తిరిగి, అంటే జనానికి వీపు పెట్టి, ప్రార్థన మొదలెట్టారు. ఒక ఘట్టంలో ఆయన కిరీటం తీయాలి, కింది చిన్న టోపీ కూడా తీయాలి. తీశారు.

తల వెనకాల నిలువెత్తు బాతు.

ముందు వరసలో రొజాలియా గారు చేతిలోని జపమాల నోట్లో కుక్కుకుంది. బిషప్ గారు తలొంచినప్పుడల్లా బాతు నీళ్లలో మునిగినట్టు, ఎత్తినప్పుడల్లా తేలినట్టు కనిపిస్తోంది. అపొలేనా వెనక వరసలో స్తంభం పక్కన నిలబడి ఉంది. ఎంతైనా పని నేర్చిన మనిషి కదా, మెడ గీతలు శుభ్రంగా వచ్చాయి, రెక్క దగ్గర సిరా కొంచెం ఎక్కువైంది అని మాత్రం చూసుకుంది.

పైన ఆర్గన్ వాయించే వెండెలీన్ జనానికి వీపు పెట్టి కూర్చుంటాడు. బలిపీఠం దగ్గర ఏం జరుగుతోందో తెలియడానికి అతని ముందు చిన్న అద్దం ఉంటుంది. అద్దంలో బాతు కనపడింది. వెండెలీన్ పెదాలు కొరుక్కున్నాడు. ఊపిరి బిగబట్టాడు. నోరు అతని మాట విందిగానీ వేళ్లు వినలేదు. భక్తిగీతం వాయిస్తున్న వేళ్లు నెమ్మదిగా జారి, బాతుల్ని చెరువుకి తోలుకెళ్లే ఆడపిల్లలు పాడుకునే పాట ఎత్తుకున్నాయి. ఊళ్లో అందరికీ ఉగ్గుపాలతో వచ్చిన పాట. ఇక చర్చి ఆగలేదు. మొదట ఒక ముసలమ్మ కిసుక్కుమంది, తర్వాత గోడలు అదిరాయి. బిషప్ గారు ఒక్కరే, ఈ ఊళ్లో భక్తి ఇలా పొంగుతుందేమోననుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన పూర్తి చేశారు.

తర్వాత ఆయనకి చెప్పక తప్పలేదు. గురువుగారు చెప్పలేక ఏడ్చారు. మేయరు చెప్పలేక గురువుగారి వైపు చూశాడు. చివరికి అపొలేనాని పిలిపించారు.

"నీదేనా అమ్మా ఇది?" అన్నారు బిషప్ గారు తల వెనక్కి చెయ్యి పెట్టి.

"నాదేనండీ. మీ కోసం వేసింది కాదండీ."

"తెలుస్తూనే ఉంది. ముందు చూడనీ."

రెండద్దాలు తెచ్చి ముందొకటీ వెనకొకటీ పట్టారు. ఆయన చాలాసేపు చూశారు.

"కుర్రతనం నించీ ఈ తలమీద ఏదో ఒకటి మొలవాలని నూనెలు రాశాను. ఏదీ మొలవలేదు. ఎటు పోతోందిది?"

"చెరువు వైపండీ."

"నా చెవి వైపు పోతోంది."

సబ్బుకి పోదు. కిరసనాయిలు పెడితే మంట. కొవ్వు రాసి మెల్లగా తుడిస్తే వస్తుందంది అపొలేనా. టోన్కా వంటింట్లో వెతికి, నసుగుతూ వచ్చింది.

"అయ్యగారూ, మనింట్లో బాతు కొవ్వు తప్ప ఇంకేం లేదండీ."

"తీసుకురా. చుట్టమే కదా," అన్నారు బిషప్ గారు.

అపొలేనా కొవ్వుతో ఆయన తల తుడిచింది. ఆయన బాగానే వెళ్లిపోయారు. గొడవంతా మేయరు కదేరా గారితో వచ్చింది. ఆయనది పొడుగు మెడ, ముందుకొచ్చిన రొమ్ము. ఆయన నడుస్తుంటే లోకమంతా దారివ్వాలన్నట్టే ఉంటుంది. ఆ బాతు మొహం తన మొహమేననీ, తనని ఎగతాళి చెయ్యడానికే గీసిందనీ, ఆ రేకు కరిగించెయ్యాలనీ ఊరి సభ పెట్టించాడు.

అది విని అందరికంటే మండిపడింది పెట్రోనీలా. బాతుని చంకలో పెట్టుకుని సభకి వచ్చింది.

"నా బాతు మొహం పట్టుకుని ఆయన మొహం అంటారా? దీన్ని గుడ్డులోంచి పెంచాను. దీని అమ్మని ఎరుగుదును. ఆయన వైపు చుట్టాలెవరూ మా పెరట్లోకి రాలేదు."

"బాతుని బయటికి పంపండి," అన్నాడు మేయరు.

"పంపితే ఎలా పోలుస్తాం కదేరా గారూ?" అన్నాడు సభ్యుల్లో ఒకడైన కసాయి. "మీరు కొంచెం పక్కకి తిరిగి నిలబడండి. అలా కాదు, కిటికీ వైపు. పెట్రోనీలమ్మా, నువ్వు కూడా దాన్ని అటే తిప్పు."

మేయరూ బాతూ పక్కపక్కన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. సభ్యులు కళ్లద్దాలు సర్దుకున్నారు. ముక్కు గురించి వాదించుకున్నారు. మెడ గురించి గొంతులు తగ్గించి వాదించుకున్నారు. ఇంతలో బాతు వంగి మేయరు గారి ప్యాంటు పట్టుకు లాగింది. ఆయన బుసకొట్టాడు. బాతూ బుసకొట్టింది. అక్కడితో వాదన తేలిపోయినట్టే అయింది గానీ, పరువు కోసం తీర్మానం మర్యాదగా రాశారు. బొమ్మలోని బాతు మేయరు గారిని పోలి లేదు, మేయరు గారు బాతుని పోలి ఉన్నారా అన్న విషయం ఈ సభ పరిధిలోకి రాదు.

రేకు బతికింది. వెండెలీన్ ఉద్యోగం పోయింది.

వారం తిరక్కుండానే అతను రాళ్లపెట్టె గదిలోకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి.

"మీ బాతు వల్ల నా పని పోయిందండీ."

"నా బాతు మీ వేళ్ల మీద కూర్చోలేదు కదండీ."

"ఇప్పుడు ఈ చేతుల్తో నేనేం చెయ్యాలి?"

అపొలేనాకి అప్పటికే భుజాలు నొప్పెట్టి ఉన్నాయి. "చక్రం తిప్పండి," అంది.

తిప్పాడు. మొదటి కాగితం తీసి చూస్తే బాతుకి మూడు తలలు. "ఏమిటండీ ఆ తిప్పడం? మనసులో ఏం పాడుకుంటున్నారు?"

"పోల్కా. పెళ్లిళ్లలో గెంతే పాట."

"వద్దు. చావు పాట ఏదైనా పాడుకోండి."

ఈస్టర్ ముందు ఉపవాసాల్లో వాయించే ఏడుపుగొట్టు పాట ఒకటి పాడుకుంటూ తిప్పాడు. నలుపు పట్టులా దిగింది. అపొలేనా కాగితాన్ని వెలుతురుకి పట్టి, అలాంటి నలుపు ప్రాగ్‌లో కూడా రాలేదనుకుంది. ఆ తర్వాత రోజూ వచ్చేవాడు. కొండలకి ఒక పాట, చెట్లకి ఒక పాట కుదుర్చుకున్నారు. పెట్రోనీలా మూల కూర్చుని కాళ్లు చాపుకుని, "ఇంట్లో చావులేదు గానీ రోజూ చావు పాటలే," అని గొణిగేది. పెళ్లి మాట ముందెత్తిందీ ఆవిడే.

"చక్రం తిప్పేవాడిని వదులుకుంటే మళ్లీ దొరకడే. చేసేసుకో."

చేసేసుకుంది. పెళ్లికి ముందే చర్చి అతన్ని మళ్లీ పిలిచింది. అతని బదులు వాయించిన పంతులమ్మ గారు ఎంత నిదానమంటే, ఆవిడ పాట ముగించేసరికి ఊళ్లో అందరి ఇళ్లలోనూ ఆదివారం మాంసం మాడిపోయేది.

ఇక రొజాలియా గారి గలీబులు. ఉడకబెట్టింది, బూడిద రాసింది, ఎండలో పరిచింది. సిరా ఆరిపోయి బాతులు ఇంకా నల్లగా, ఇంకా ధీమాగా తయారయ్యాయి. దాచెయ్యమని టోన్కాకి చెబితే, టోన్కా వాటిని వీధి వైపు తాడు మీద ఆరేసింది. దారినపోయే ఆడవాళ్లు ఆగారు. బిషప్ గారు పడుకున్న బాతులు ఇవేనా అని ముట్టుకుని చూశారు. ఆ శరత్కాలంలో పెళ్లయ్యే పిల్లలందరికీ బాతు గలీబులు కావాల్సొచ్చాయి. పక్క ఊళ్లవాళ్లూ వచ్చారు. మళ్లీ వచ్చిన మేయరు ఎన్నికల్లో కదేరా గారు మునుపటికంటే ఎక్కువ ఓట్లతో గెలిచి, ఎందుకు గెలిచాడో ఎప్పుడూ అడగలేదు.

అపొలేనాకి మాత్రం లోపల ఒక ముల్లు. తుఫాను బొమ్మల మీద ఆమె ప్రాణం. ఒక రైతు అందులో ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చాలా బావుందమ్మా. బాతు ఎక్కడుంది?" అనడిగాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారాక రేకు తీసుకుని, తుఫాను మూల, విరిగిన చెట్టు కింద, తడిసి ముద్దయిన చిన్న బాతుని గీసింది. కొన్నాళ్లు దాని వంక చూడ్డానికి సిగ్గేసింది. తర్వాత చూసి, ఆ వానలో దాన్ని అక్కడ ఒంటరిగా వదిలేసినందుకు జాలేసింది. ఆ జాలి నిజంగా బొమ్మలోకి వచ్చిందనిపించి, ఆ రోజు నుంచి సిగ్గుపడటం మానేసింది.

ఇద్దరికీ తల నెరిశాక బ్ర్నోలో మూతపడ్డ ఒక అచ్చుశాల నుంచి అసలైన ఇనుప యంత్రం కొన్నారు. అపొలేనా దాన్ని మేడ మీద కిటికీ పక్కన పెట్టించింది, వెలుతురు బాగుంటుందని. మూటలు మోసేవాళ్లు చెమటలు తుడుచుకుని కిందికి దిగారు. వాళ్ల వెనకే యంత్రం కూడా దిగింది, నేల చీల్చుకుని, నిటారుగా, వంటింటి బల్ల మీదకి. బల్ల మీద వెండెలీన్ యాపిల్ రొట్టె కోసం పిండి పరిచి, పంచదార తేవడానికి అప్పుడే పక్కకి వెళ్లాడు. తిరిగొచ్చి పిండి అంచు వేలితో ఎత్తి చూశాడు.

"చూడు, ఇంత పల్చగా నేనెప్పుడూ వత్తలేకపోయాను," అన్నాడు.

దాన్ని కదిపే ఓపిక ఎవరికీ లేక అక్కడే ఉంచేశారు. అప్పట్నించీ వాళ్లింట్లో పులుసు సిరా వాసన, బొమ్మలు సోంపాకు వాసన.

ఇద్దరూ బాగా ముసలివాళ్లయ్యాక ప్రాగ్ నుంచి బొమ్మల కొట్టు ఆయన ఒకడు వచ్చాడు. గలీబుల సంగతి అతనికి తెలియదు, తుఫానుల గురించి ఎక్కడో విన్నాడు. అపొలేనా సొరుగు లాగి ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది. అతను ఒకదాన్ని తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఈ ఆకాశంలో ఈ మెరుపు, కాగితం దాటి వెనక్కి వెలుగు పోతున్నట్టుంది. దీన్నెలా సాధించారండీ?"

వెండెలీన్ వంగి చూశాడు. "అది వెన్న మరక."

"వెన్న కాదు," అంది అపొలేనా, "పందికొవ్వు."

అతను నవ్వాడు, వాళ్లు హాస్యమాడుతున్నారనుకుని. ఆ కాగితం ఒక్కటే తీసుకుని, మిగతావాటిలో ఆ వెలుగు లేదని సున్నితంగా చెప్పి, పులుసు తాగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అపొలేనా మిగిలిన తుఫానులన్నీ బల్ల మీద పరిచి, కాసేపు వాటి వంక, కాసేపు పొయ్యి మీది కొవ్వు బాణలి వంక చూసింది. వెండెలీన్ రొట్టె కోస్తున్నాడు. చివరికి ఆమె లేచి, చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, కాగితాలు ఒక్కటొక్కటిగా అంచులు పట్టుకుని మళ్లీ సొరుగులో పెట్టేసింది.